తెల్లాయన దేశం విడిపోతుందా

తెలంగాణ వచ్చిన ఏడాదే స్కాట్లండ్‌లో బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని ఓటు పెట్టారు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే, సౌదీలోని హుఫూఫ్‌లో మా సైట్ ఆఫీసులో పొద్దున పది గంటలకు తాగిన టీ అని చెబుతాను. ఆ టీ తాగుతూ నేను మాట్లాడిన మాటలకు ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఆయన నా గదిలోనే, నా పక్క మంచం మీదే పడుకునేవాడు. ఇన్నేళ్లయినా ఆయనకు ఆ సంగతి తెలియదు.

నాకు నోరెక్కువ. ఉద్యమం రోజుల్లో మా జగిత్యాల వైపు రోడ్ల మీద వంటావార్పు పెట్టినప్పుడు మైకు నా చేతికి వస్తే మళ్లీ గుంజుకోవాల్సి వచ్చేది. సౌదీకి వచ్చాక ఆ మైకు లేదు. నా పని టైమ్‌కీపర్. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు, ఎవరికి జ్వరం, ఎవరు సెలవు, అన్నీ రాసుకుంటూ కూర్చోవాలి. రోజుకు నూరు పేర్లు రాసేవాణ్ణి కానీ పది మాటలు మాట్లాడే వీలుండేది కాదు. నాకది జైలులాగే అనిపించేది.

మా కంపెనీది మెయింటెనెన్స్ కాంట్రాక్టు. ఊరి బయట ఖర్జూరం తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక పెద్ద క్వార్టర్ల కాలనీ ఉండేది. అక్కడి ఏసీలు, చిల్లర్లు, నీళ్ల పంపులు మేమే చూసుకోవాలి. సైట్ మేనేజర్ స్కాట్లండ్ మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. ఏదో చేపల రేవులో పుట్టి, సముద్రం మధ్యలో చమురు తీసే రిగ్గుల మీద సగం జీవితం గడిపి, చివరికి మా దగ్గరికి వచ్చి పడ్డాడు. మేం తెల్లాయన అనేవాళ్లం. మొదట్లో ఒకసారి ఫోన్లో ఎవరితోనో మా ఇంగ్లీషు మేనేజర్ అని నేనంటే, ఆయన తలుపు దగ్గర ఆగి, నేను ఇంగ్లీషువాణ్ణి కాను అన్నాడు. గొంతు పెంచలేదు కానీ ముఖం కందిపోయింది. నాకు ఆ కోపం బాగా తెలుసు. మేముండే లేబర్ క్యాంపులో మలయాళీలూ బంగ్లా వాళ్లూ మా తెలుగువాళ్లందరినీ కలిపి ఆంధ్రావాలా అని పిలిస్తే నేనూ అట్లాగే కాలిపోయేవాణ్ణి. ఆ మాటే వచ్చిన ఇంగ్లీషులో ఆయనకు చెప్పాను. ఆయన లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అట్లా మొదలైంది. రోజూ పదింటికి ఆయనకూ నాకూ రెండు కప్పుల టీ. మీరెట్లా విడిపోతున్నారు, నీళ్లెట్లా పంచుకుంటారు, రాజధాని ఎవరికి, కరెంటు ఎవరికి, ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతూ ఎందుకు విడిపోవాలి అని ఒక్కొక్కటే అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. తర్వాత ఆయన తన దేశం సంగతి చెప్పేవాడు. విడిపోతే పౌండు వాడుకోనివ్వమని లండన్ వాళ్లు బెదిరిస్తున్నారట. సముద్రంలో చమురుంది కానీ అది ఎన్నేళ్లు వస్తుందో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారట. యూరప్ వాళ్లు లోపలికి రానిస్తారో లేదో తెలియదట. ముసలివాళ్లకు పింఛను భయం. పదహారేళ్ల పిల్లలకు కూడా ఈసారి ఓటిచ్చారు కాబట్టి ఆశంతా వాళ్ల మీదే పెట్టుకున్నాడు.

ఆయనకు మాత్రం ఓటు లేదు. అక్కడ కాపురం ఉన్నవాళ్లకే ఓటు. ఈయన ఎప్పుడో ఇల్లు అమ్మేశాడు, భార్య ఇంగ్లండులో కూతురి దగ్గర ఉంటుంది. నిన్నగాక మొన్న చదువుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు పిల్లకు ఓటుంది, మూడు వందల ఏళ్లుగా మా వాళ్లను పూడ్చిన మట్టికి నేనేమీ కాను అనేవాడు. స్థానికుడు అంటే ఎవరు అన్న లొల్లి మా దగ్గర ఎన్నేళ్లు నడిచిందో నేను చెప్పాను. ఆయన బల్ల చరిచి నవ్వేవాడు. ఒక తెల్ల మేనేజర్ నా మాటకు బల్ల చరుస్తున్నాడంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. ఆ చెవి కోసం నేను ఏదైనా చెప్పేవాణ్ణి. చెప్పాను కూడా.

నా గదిలో ఉండే అన్నది శ్రీకాకుళం జిల్లా. సముద్రం పక్కన జీడితోటలున్న ఊరు. ఏసీ సెక్షన్‌కి ఫోర్‌మన్. కంప్రెసర్ మీద అరచేయి పెట్టి రోగం చెప్పేవాడు. యాభై అయిదు దాటినా నిచ్చెన ఎక్కాలంటే ఇంకొకరిని పంపేవాడు కాదు. వాళ్ల వైపు ఊళ్లకు ఊళ్లే కిడ్నీలు పాడైపోతాయి, ఎందుకో ఎవరూ తేల్చలేదు. ఆయన భార్యకు కూడా పోయాయి. విశాఖపట్నంలో ఆస్పత్రి పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, చెల్లెలి తోడుతో ఆవిడ డయాలసిస్ చేయించుకుంటూ ఉండేది. నా ఉద్యోగం ఉన్నన్నాళ్లే దాని ఊపిరి అని ఆయన మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. గదిలో వంట ఆయనదే. శుక్రవారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి పోయి వచ్చి ఆవపెట్టి పులుసు చేస్తే నేను పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోసేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన రోజు నేను బజారుకు పోయి మిఠాయి డబ్బాలు తెచ్చి క్యాంపంతా పంచాను. ఆంధ్రావాళ్ల గదుల్లో కొందరు తీసుకోలేదు. గదికి వచ్చేసరికి ఈయన స్టవ్ ముందు గిన్నెలన్నీ వరసగా పేర్చి కూర్చున్నాడు.

"రా తమ్ముడా. ఇడిపోయేం గదా, పంపకాలు సేసేద్దారి. కుక్కరు మీకు, మూత మాకు."

"మూత మీకిస్తే మేం వండుకునుడెట్లనే అన్నా?"

"అద్గదీ, ఆ మాట ముందు ఆలోసించాల" అని డబ్బాలోంచి రెండు లడ్డూలు ఒక్కసారే తీసుకున్నాడు.

మరుసటి రోజు టీ దగ్గర ఈ కథ నేను తెల్లాయనకు చెప్పాను. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. నవ్వు తీసేసి చెప్పాను. గిన్నెలు పంచుకునేదాకా వచ్చింది, అతనూ వాళ్లలో ఒకడే, ఫోర్‌మన్ కుర్చీ అతనిది, హాజరు రాసే పని నాది, ఇక్కడికొచ్చినా అదే వరస, ఒక గదిలో ఉంటాం కానీ ఎన్నటికీ ఒకటి కాలేం అన్నాను. తెల్లాయన కళ్లు మెరిశాయి. సరిగ్గా మా సంగతే అన్నాడు. ఆ మెరుపు మళ్లీ చూడ్డానికి ఆ తర్వాత చాలాసార్లు ఆ అన్నను వాడుకున్నాను. వాడుకున్నాను అనే మాటే సరైనది. క్యాంపుకు తిరిగి వెళ్లి ఆయన వండిన అన్నమే తినేవాణ్ణి.

ఆ వేసవిలో మా కంపెనీకి ఎరుపు పడింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని నితాఖత్ లెక్క. సరిపోతే పచ్చ, చాలకపోతే ఎరుపు. ఎరుపు పడ్డ కంపెనీలో ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ కాదు, ఇకామా లేని మనిషి రోడ్డు మీద దొరికితే జైలే. మా కంపెనీ కొందరు స్థానికుల పేర్లు ఉత్తుత్తిగా కాగితం మీద నడిపించింది, అది బయటపడింది. తెలంగాణలో స్థానికుడెవరు అని లెక్క, స్కాట్లండ్‌లో ఓటుకు స్థానికుడెవరు అని లెక్క, ఇక్కడ మమ్మల్ని పంపడానికి స్థానికులెందరు అని లెక్క. ఈ మాట కూడా టీ దగ్గర చెప్పి తెల్లాయనను నవ్వించాను. నాకు అప్పటికింకా భయం పుట్టలేదు.

ఆగస్టు దాటాక జుబైల్‌లో పచ్చగా ఉన్న ఒక కంపెనీ మా ఏసీ సెక్షన్‌ను తీసుకుంటానంది. మనుషులు పని తెలిసినవాళ్లే, కానీ వాళ్ల కోటాలో ఒక్కరికి చోటు తక్కువైంది. టైమ్‌కీపర్‌తో కలిపి పన్నెండు మందిమి, పదకొండు చోట్లు. ఆ మిగిలిన ఒక్కరికి ఖురూజ్, అంటే ఇంటికి పంపేసే ముద్ర. పేర్లు ఇవ్వాల్సింది తెల్లాయన. చిన్న వయసు వాళ్లైతే వేరే పచ్చ కంపెనీ ఏదో ఒకటి వెతుక్కునేవాళ్లు. యాభై అయిదు దాటిన మనిషిని ఇకామా అయిపోయే నెలలో ఎవరు తీసుకుంటారు? మా గదిలో ఆ వారమంతా వంట రుచీపచీ లేకుండా సాగింది.

"దొరతో నువ్వు రోజూ మాటాడతావు గదా తమ్ముడా. నా గురించి ఓ ముక్క సెప్పవా?" అని అడిగాడు అన్న. మా దగ్గర దొర అంటే ఎవరో, ఆ మాట నాకెందుకు నచ్చదో చెప్పి ఎన్నిసార్లు ఎగతాళి చేసినా ఆయన తెల్లాయనను దొర అనే అనేవాడు.

"చెప్తనే. నువ్వు రంధి పెట్టుకోకు" అన్నాను.

చెబుదామనే వెళ్లాను. స్కాట్లండ్‌లో ఓటు ఇంకా వారం ఉంది. తెల్లాయన ఉత్సాహంగా ఉన్నాడు, ఒక సర్వేలో విడిపోదామనేవాళ్లే ముందున్నారట. నేను నోరు తెరవకముందే బల్ల మీద కాగితం నా వైపు తిప్పాడు. పదకొండు పేర్లు. చివరిది నాది. అన్న పేరు లేదు.

"ఇక నీకు ఆ గది తలనొప్పి ఉండదు" అన్నాడు. "పనిలో అందరూ సమానమే. ఎవరో ఒకరి పేరు తీయాలి. అక్కడైనా నువ్వు ప్రశాంతంగా ఉంటావని నీ కోసం అతన్ని తీశాను."

అట్లా కాదు సార్, ఆయన చాలా మంచివాడు, నేను ఊరికే అన్నాను అని ఏదేదో చెప్పాను. ఆయన భార్య మిషన్ మీద బతుకుతోందని చెప్పాను. తెల్లాయన పెన్ను కింద పెట్టాడు.

"మూడు నెలలుగా ఆ మనిషి గురించి చెబుతున్నావు. ఈ సంగతి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

చెబితే నా కథ చెడిపోయేది, అందుకే చెప్పలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మళ్లీ నా ముందుకు జరిపాడు. "మధ్యాహ్నం నమాజయ్యాక మందూబ్ వచ్చి ఇది తీసుకుపోతాడు. అప్పటిదాకా టైముంది. అతని పేరు రాయాలంటే ఒక పేరు కొట్టేయాలి. నాకు అందరూ ఒకటే. ఎవరిది కొట్టేయమంటావో చెప్పు."

మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసులకు తిరిగే మనిషి. కాగితం ఒకసారి అతని చేతిలో పడితే ఇక మార్చడం ఉండదు. నేను పేర్లు చూశాను. రోజూ నా చేత్తో రాసే పేర్లే. ఎవరింట్లో ఏముందో నాకు తెలుసు. నా ఇంట్లో మిషన్ మీద ఎవరూ లేరు. నా వయసుకు ఇంకో కంపెనీ దొరికే వీలుంది. నా పేరు చివరనే ఉంది, ఒక్క గీత గీస్తే చాలు. ఆలోచించి చెప్తాను సార్ అన్నాను.

ఆఫీసులోంచి బయటికి వచ్చి స్టోర్ రూములోకి వెళ్లాను. పోయిన నెల హాజరు షీట్లు తీసి, ఒకసారి సరిచూసినవే మళ్లీ మొదటి నుంచి సరిచూశాను. నమాజు పిలుపు వినిపించింది. మందూబ్ కారు వచ్చిన చప్పుడు వినిపించింది, పోయిన చప్పుడూ వినిపించింది. నేను షీట్లు చూస్తూనే ఉన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. అంటే చెప్పినట్టే.

సాయంత్రం అన్నకు సంగతి తెలిసింది. మంచం మీద కూర్చుని ఎన్ని రోజులున్నాయని మాత్రం అడిగాడు. తర్వాత భార్యకు ఫోన్ చేసి, సెలవు మీద వస్తున్నానని చెప్పాడు. మర్నాడు పొద్దున నాలుగో బ్లాకులో కంప్రెసర్ సగంలో ఉందని డ్యూటీకి వెళ్లాడు. వెళ్లక్కర్లేదు కదా అని మిగతావాళ్లు అంటే, "ఆ గదుల్లో ఉన్నోళ్లేటి పాపం సేసేరు?" అన్నాడు. ఆ వారం నేను తెల్లాయన దగ్గరికి టీకి వెళ్లలేదు.

ఓటు ఫలితం శుక్రవారం వచ్చింది. సెలవు రోజైనా తెల్లాయన ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆఫీసులో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్లు చూస్తే నిద్ర లేదని తెలుస్తోంది. ఓడిపోయాం అన్నాడు. సగానికి కాస్త ఎక్కువ మంది వద్దన్నారు. ఆయనే టీ కలిపి నాకిచ్చాడు.

"నెల రోజులు వీధుల్లో ఎక్కడ చూసినా జెండాలే. అందరూ అవుననే అన్నారు. తీరా ఆ చిన్న గదిలో పెన్సిల్ పట్టుకుని ఒంటరిగా నిలబడేసరికి, ఉన్నది పోతుందేమోనని భయం వేసింది. వాళ్లను తిట్టాలని ఉంది. కానీ నేనక్కడ లేను. ఉంటే నా చెయ్యి వణికేది కాదని ఎట్లా చెప్పగలను?"

ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆ కాగితం గురించి అనలేదు, స్టోర్ రూము గురించి ఆయనకు తెలియదు. నాకు మాత్రం ఆయన అంటున్నది స్కాట్లండ్ వాళ్లను కాదనిపించింది. టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

మళ్లీ ఓటు పెడతారా అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. తరానికి ఒకసారే అన్నారు అన్నాడు. ఇప్పుడున్న ముసలివాళ్లు పోయి, ఇవాళ అవునన్న పిల్లలు పెద్దవాళ్లయితే అప్పుడు అవుతుందేమో, చూడ్డానికి నేనుండను అన్నాడు. మాకు అరవై ఏళ్లు పట్టింది సార్ అన్నాను. నాకు అన్ని లేవు అన్నాడు. అదే మా ఇద్దరి చివరి టీ. ఆ తర్వాతి వారమే మమ్మల్ని జుబైల్ పంపేశారు, ఆయన కాంట్రాక్టు కూడా ఆ ఏడాదితో ముగిసింది.

అన్నను పంపింది ఆ మరుసటి రోజు, శనివారం. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు మధ్యాహ్నం వ్యాన్ వచ్చింది. ఆయన సంచీ నేనే మోసుకెళ్లి వ్యాన్‌లో పెట్టాను. ఎండలో నిలబడి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు సెప్పుంటావు తమ్ముడా. నాకు తెల్సు. దొర ఇన్లేదు. ఏటి సేస్తాం. నువ్వు మనసు కస్టపెట్టుకోకు."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వ్యాన్ కదిలేదాకా నేను తల ఊపుతూ నిలబడ్డాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు. అయినా సాయంత్రానికి ఆకలేసింది, తిన్నాను.

అన్న భార్య మరుసటి ఏడాది పోయింది. ఆయన తిరిగి వెళ్లాక విశాఖలో గది ఖాళీ చేసి ఊరి దగ్గరి ఆస్పత్రికి మార్చారు. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. వారానికి మూడుసార్లు జరగాల్సింది ఒక్కో వారం ఒకసారే జరిగేదట. ఈ సంగతి ఆయనే ఫోన్లో చెప్పాడు. నేను జుబైల్‌లో ఏసీ గదిలో కూర్చుని విన్నాను.

తర్వాత లెవీలు వచ్చాయి. ఇకామా మీద ఉన్న ప్రతి మనిషికీ నెలనెలా పన్ను కట్టాలన్నారు, పెళ్లాం పిల్లలను తెచ్చుకున్నవాళ్లకు తలకింత అన్నారు. కంపెనీలు మనుషులను వదిలించుకోవడం మొదలుపెట్టాయి. ఈసారి కాగితం మీద నా పేరు వచ్చింది. ఎవరు రాశారని నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక కూడా స్కాట్లండ్ వార్తలు చూస్తూనే ఉన్నాను. బ్రిటన్ యూరప్ నుంచి బయటికి వెళ్లిపోయినప్పుడు తెల్లాయన మెసేజ్ పెట్టాడు, ఇక మా వాళ్లు ఊరుకోరు, ఈసారి అవుతుంది అని. ఆ తర్వాత కొన్నేళ్లకు లండన్‌లో పెద్ద కోర్టు, పార్లమెంటు ఒప్పుకోకుండా మీరు ఓటు పెట్టుకోవడం కుదరదంది. జనంలో దాదాపు సగం మంది ఇప్పటికీ కావాలనే అంటారు. అడిగే హక్కు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. నన్నడిగితే ఇప్పట్లో కాదు. ఉన్నది పోతుందన్న భయం ఎంత గట్టిదో నాకు తెలుసు. ఆయన మెసేజ్‌లు క్రమంగా తగ్గి ఆగిపోయాయి. ఉన్నాడో లేదో తెలియదు.

అన్న మాత్రం ఫోన్ చేస్తూనే ఉంటాడు. మొన్న చేసినప్పుడు గొంతులో ఉషారు వినిపించింది. కొడుక్కి ఖతర్ వీసా వచ్చిందట, ఏసీ పనే. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"మావోడికి సెప్తన్నాను తమ్ముడా. ఆ దేశంలో పనొక్కటే సాలదు, మన కోసం నోరిప్పే మనిషి ఒకడుండాల. నాకు నువ్వుండేవోడివి. అవును గాని ఎప్పుడూ అడగలేదు, ఆ దొరకి నా గురించి ఏటి సెప్పినావు? మావోడు ఇంటన్నాడు, సెప్పు."

"మంచోడని చెప్పిన అన్నా" అన్నాను.

"ఇన్నావేట్రా" అని కొడుకుతో అంటున్నాడు.